తారుమారైన బ్యాటరీ, చేతిలోని అమానతు

కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న మా మొహల్లా యువకుడొకడు సెలవు ముగించుకుని వెళ్తూ తన కారు తాళాలు మా చేతిలో పెట్టాడు. "హజ్రత్, వారానికొకసారి స్టార్ట్ చేసి కాస్త తిప్పండి, చాలు. అమ్మీకి ఆసుపత్రి పని పడితే మీరే తీసుకెళ్ళండి" అని కోరాడు. మేము సరేనన్నాము. పదేళ్ళనాటి చిన్న పెట్రోలు కారు అది. మొదటి రెండు నెలలు ప్రతి శనివారం అస్ర్ నమాజు తరువాత దానిని ఈద్గాహ్ దాకా తిప్పి తెచ్చేవాళ్ళము. అంతలో షాబాన్ నెల వచ్చింది. మదర్సాలలో షాబాన్ అంటే వార్షిక పరీక్షల నెల అని పాఠకులకు తెలియనిది కాదు. ప్రశ్నపత్రాలు, జవాబుల దిద్దుబాటు, పిల్లలను ఇళ్ళకు పంపే ఏర్పాట్ల నడుమ ఐదు శనివారాలు గడిచిపోయాయి. కారు సంగతి మేము పూర్తిగా మరచిపోయాము.

ఆ యువకుని తల్లిగారికి కడపలో కంటి ఆపరేషను నిశ్చయమైంది. మరునాటి ఉదయం బయలుదేరాలి. ఇషా నమాజు ముగించుకుని, ముందుగా ఒకసారి చూసుకుందామని కారు దగ్గరకు వెళ్ళాము. తాళం తిప్పితే 'టిక్' అన్న శబ్దం తప్ప మరేమీ లేదు. డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారి ఆరిపోయాయి. బ్యాటరీ వయస్సు నాలుగేళ్ళు. దుకాణం మూసే వేళకు పరుగున వెళ్ళి, "35 ఆంపియర్ అవర్ బ్యాటరీ" అని అడిగి కొత్తది తెచ్చుకున్నాము. మదర్సా విద్యార్థి ఒకడు టార్చి పట్టుకున్నాడు. బిగించినది మేమే. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. వ్యాసంలో తరువాత దాని అవసరం ఉంది.

పాత బ్యాటరీలో ప్లస్ కుడివైపున ఉండేది. కొత్తదానిలో ఎడమవైపున ఉంది. మేము చూసుకోలేదు. తీగల మీద ఉండవలసిన ఎర్రని తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. రెండు తీగలూ మసిబారి ఒకే రంగులో ఉన్నాయి. కుడి తీగను కుడికి, ఎడమ తీగను ఎడమకు పెట్టాము. ఒక క్లాంపు దిగలేదు. స్క్రూడ్రైవరుతో దాని నోరు తెరిచి, పానాతో తట్టి దించాము. రెండవది వదులుగా ఉంటే దానికి రేకు ముక్క చుట్టాము. ఆ రెండవ క్లాంపు స్తంభానికి తాకీ తాకగానే పెద్ద మెరుపు, 'ఫట్'మన్న చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన! పిల్లవాడు టార్చి వదిలేసి వెనక్కి గెంతాడు. మేము "లా హౌల వలా ఖువ్వత" అంటూ తీగను లాగివేశాము.

వెలుగులో చూస్తే సంగతి అర్థమైంది. బ్యాటరీని వెనక్కి తిప్పి, తీగలను సాగదీసి, ఈసారి ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు పెట్టాము. అయినా లాభం లేకపోయింది. హారన్ లేదు, లోపలి దీపం లేదు, తాళం తిప్పితే ఆ 'టిక్' శబ్దమైనా లేదు. మరునాడు ఉదయం అద్దె బండిలో తల్లిగారిని కడపకు పంపించాము. "కారేమయింది మౌల్వీ సాబ్?" అని ఆమె అడిగితే, బ్యాటరీ తలక్రిందులుగా పెట్టి పాడు చేశామని అక్కడే చెప్పాము.

మా వద్ద నాజిరా పూర్తి చేసి, తరువాత కార్ల వైరింగు పని నేర్చుకున్న శిష్యుడొకడు జుహర్ తరువాత వచ్చాడు. అతను చేసిన పనిని క్రమంగా వ్రాయదలచాము. ఎందుకంటే ఇటువంటి పొరపాటు కారున్న ఏ ఇంట్లోనైనా జరుగవచ్చు. బ్యాటరీ మార్చేటప్పుడే కాదు, ఆగిపోయిన బండిని మరొక బండి బ్యాటరీతో తీగలు కలిపి లేపేటప్పుడూ జరుగుతుంది. అప్పుడైతే నష్టం రెండు బండ్లకూ రావచ్చు.

ముందుగా అతను మల్టీమీటరుతో బ్యాటరీని చూశాడు. 12.5 వోల్టులు చూపింది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. 12 కన్నా తక్కువైతే దానిలో పస లేనట్లే. మా బ్యాటరీకి ఏమీ కాలేదు. క్షణకాలం తారుమారైనంత మాత్రాన సాధారణంగా బ్యాటరీ చెడదు, దెబ్బ తగిలేది బండి వైరింగుకు. తరువాత అతను ఇంజను ప్రక్కనున్న ఫ్యూజుల పెట్టె తెరిచాడు. అందులో అన్నింటికన్నా పెద్దది మెయిన్ ఫ్యూజు, మా కారులో 80 ఆంపియర్లది. దాని గాజు మూత క్రింద నల్లని మసి పట్టి ఉంది. చిన్న ఫ్యూజుల వలె దీనిని వ్రేళ్ళతో లాగకూడదు. అది స్క్రూలతో బిగించి ఉంటుంది. మా వంటివారు బలవంతంగా లాగి పెట్టెనే పగులగొట్టిన సందర్భాలు అతనికి తెలుసునట.

అక్కడ గుమికూడిన వారిలో ఒకాయన, "సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టండి, నడుస్తుంది" అని సలహా ఇచ్చారు. ఫ్యూజు పని కరిగిపోవడమే. అది కరిగి బండిని కాపాడుతుంది. దాని స్థానంలో కరగనిదానిని పెడితే తీగలే కరుగుతాయి, నిప్పు అంటుకుంటుంది. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అన్నే ఆంపియర్లది పెట్టాలి. చిన్న ఫ్యూజులకు రంగులే గుర్తు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

కొత్త ఫ్యూజు తెప్పించి పెట్టేస్తాడని మేము అనుకున్నాము. అతను పెట్టలేదు. "ఇది ఎందుకు పోయిందో తెలిసింది హజ్రత్. పోగొట్టినది ఇంకా లోపల ఉందో లేదో చూడాలి కదా" అన్నాడు. మా తరగతి గదిలో ఇంత శ్రద్ధగా ఆలోచించిన గుర్తు లేదు అతను! ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు ఒకటి ఉంటుంది. మన మెకానిక్‌లు దానిని డైనమో అంటారు. అందులో ఆరు డయోడ్లు ఉంటాయి. బావి మోటారు గొట్టం అడుగున ఫుట్ వాల్వు నీటిని పైకి మాత్రమే పోనిచ్చి క్రిందికి రానివ్వదు కదా, డయోడు విద్యుత్తు విషయంలో అదే పని చేస్తుంది. బ్యాటరీ సరిగా ఉన్నప్పుడు ఈ తలుపులు మూసుకుని ఉంటాయి. బ్యాటరీ తిరగబడితే అవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అప్పుడు బ్యాటరీ బలమంతా అడ్డు లేకుండా వాటి గుండా దూసుకుపోతుంది. మేము చూసిన మెరుపు అదే. ఫ్యూజు తొందరగా కరిగితే డయోడ్లు బ్రతుకుతాయి. ఒక్కొక్కసారి ఫ్యూజు కరిగేలోపే అవి కాలిపోతాయి.

అతను డైనమో మందపు తీగకూ బండి ఇనుముకూ నడుమ మీటరు పెట్టాడు. అటు పెట్టినా ఇటు పెట్టినా మీటరు కూసింది. అంటే తలుపు మూసుకోవడం మానేసింది. ఈ స్థితిలో కొత్త ఫ్యూజు పెడితే అది కూడా వెంటనే పోయేది. అందుచేత ముందుగా బ్యాటరీ మైనస్ తీసి, ఆ మందపు తీగను డైనమో నుండి విడదీసి, దాని కొనకు టేపు చుట్టి, ఆ తరువాతనే కొత్త మెయిన్ ఫ్యూజు బిగించాడు. మైనస్ తిరిగి పెట్టగానే లోపలి దీపం వెలిగింది. మా గుండె కొంత కుదుటపడింది.

ఇక మిగిలినది ఇంజనును నడిపే కంప్యూటరు గురించిన భయం. అది పోతే ఖర్చు వేలకు వేలు. తాళం ఆన్‌లో పెట్టినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం వెలగాలి, స్టార్ట్ కాగానే ఆరాలి. అసలు వెలగకపోతే కంప్యూటరుకు విద్యుత్తు అందడం లేదని అనుమానించి దాని ఫ్యూజు, రిలే చూడాలి. అంతమాత్రాన కంప్యూటరే పోయిందని నిర్ణయించి క్రొత్తది కొనిపించేవారు ఉన్నారు, జాగ్రత్త. మా అదృష్టం, దీపం వెలిగింది, సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచింది, దీపం ఆరింది. అల్‌హందులిల్లాహ్ అన్నాము. మేము తీగలు కలిపినప్పుడు తాళం తిప్పి లేకపోవడం మేలు చేసిందని మా శిష్యుని అభిప్రాయం. తాళం తిప్పకముందు విద్యుత్తు అందే భాగాలు కొన్నే ఉంటాయి: డైనమో, మ్యూజిక్ సిస్టం, డోర్ లాకులు, లోపలి దీపం వంటివి. వాటిలో దీపానికి ప్లస్ మైనస్‌ల తేడా పట్టదు. మ్యూజిక్ సిస్టం మాత్రం మూగబోయింది. దాని నీలిరంగు 15 ఆంపియర్ల ఫ్యూజు మార్చగానే పలికింది.

చిన్న ఫ్యూజులను ఇంట్లోనే పరీక్షించుకునే సులభమైన మార్గం అతను చూపించాడు. టెస్ట్ ల్యాంపు అనే చిన్న దీపం దొరుకుతుంది. దాని క్లిప్పును బండి ఇనుముకు పెట్టి, తాళం ఆన్ చేసి, ఫ్యూజు తల మీద కనిపించే రెండు లోహపు చుక్కలను మొనతో తాకాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగున్నది. ఒక చోటే వెలిగితే పోయింది. రెండు చోట్లా వెలగకపోతే తప్పు ఫ్యూజులో కాదు, దానికి విద్యుత్తే రావడం లేదు.

డైనమోను ఊడదీసి తెరిచి చూస్తే రెక్టిఫైయర్ పలకలో రెండు డయోడ్లు కాలి ఉన్నాయి. పలక మార్చించి బిగించిన తరువాత ఇంజను నడుస్తుండగా మీటరు 14.2 చూపింది. 13.8 నుండి 14.4 వరకు ఉంటే డైనమో బ్యాటరీని నింపుతున్నట్లు. ఇంజను నడుస్తున్నా 12 దగ్గరే ఉండి మెల్లగా దిగిపోతుంటే నింపడం లేదని అర్థం. ఇటువంటి ప్రమాదం జరిగిన బండి ఆ పూట బాగానే నడిచినా, రెండు మూడు రోజులు గమనించాలి. రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లవారేసరికి చచ్చిపోతే సగం చెడిన డయోడు లోలోపల దానిని త్రాగేస్తున్నదన్నమాట. డైనమోను పరీక్షించడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూసే అలవాటు పాత మెకానిక్‌లకు ఉంది. కంప్యూటరున్న కార్లలో ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. తీగ ఊడిన క్షణాన వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, అప్పటిదాకా బ్రతికి ఉన్న కంప్యూటరు కూడా పోవచ్చు.

అసలు తప్పు జరుగకుండా ఉండడానికి రెండు గుర్తులు మా కళ్ళ ముందే ఉన్నాయి. బ్యాటరీ ప్లస్ స్తంభం లావుగా, మైనస్ సన్నగా తయారు చేస్తారు. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. మైనస్ క్లాంపు ప్లస్ మీదికి దిగదు. ప్లస్ క్లాంపు మైనస్ మీద వదులుగా ఆడుతుంది. అంటే ఆ రాత్రి దిగని క్లాంపు ఒకటి, వదులైన క్లాంపు ఒకటి రెండు వైపులా మమ్మల్ని వారించాయి. మేము ఒకదాని నోరు స్క్రూడ్రైవరుతో తెరిచాము, రెండవదానికి రేకు చుట్టాము. రెండవ గుర్తు బ్యాటరీ పేరులోనే ఉంది. 38బి20ఎల్, 38బి20ఆర్ అని రెండు రకాలు అమ్ముతారు. బలం ఒకటే, కొలత ఒకటే. చివరి అక్షరం ప్లస్ ఏ వైపున ఉన్నదో తెలుపుతుంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత బ్యాటరీని వెంట తీసుకువెళ్ళి ప్రక్క ప్రక్కన పెట్టి చూసుకోవడం ఉత్తమం. మల్టీమీటరు ఉన్నవారు దాని ఎర్ర మొనను ప్లస్ అనుకున్న స్తంభానికి, నల్ల మొనను రెండవదానికి పెట్టాలి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే అనుకున్నది తప్పు.

తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. మైనస్ తీసిన తరువాత పానా ప్రక్కనున్న ఇనుముకు తగిలినా ముప్పు లేదు. ఉంగరము, గాజులు, చేతి గడియారము తీసి ప్రక్కన పెట్టాలి. ప్లస్‌కూ బండి ఇనుముకూ నడుమ ఉంగరం చిక్కితే వ్రేలి మీదనే ఎర్రగా కాలుతుంది. చార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. నిప్పురవ్వ పడితే బ్యాటరీయే ప్రేలి, లోపలి ఆమ్లం ముఖాన పడే ప్రమాదం ఉంది. ఆ రాత్రి టార్చి పట్టుకుని వంగి చూస్తున్న ఆ పిల్లవాని ముఖం మాకు ఇప్పటికీ గుర్తుకు వస్తూనే ఉంటుంది.

బండి బాగయింది. కాని లెక్క మిగిలి ఉంది. రెక్టిఫైయర్ పలక, కూలి కలిపి 2,600 రూపాయలు. ఫ్యూజులు 360. అద్దె బండి 2,400. బ్యాటరీ 3,900. యజమాని సముద్రాల ఆవల ఉన్నాడు. చెప్పకపోతే అతనికి తెలిసే అవకాశం లేదు. "బండి నడుస్తున్నది కదా, ఎందుకు చెప్పడం?" అన్నవారూ ఉన్నారు. పైగా హనఫీ ఫిఖ్‌హ్‌లో అమానతు వస్తువు పాడైతే, దానిని ఉంచుకున్నవాని అతిక్రమణ గాని నిర్లక్ష్యం గాని లేనప్పుడు నష్టపరిహారం లేదు కదా అని ఒక మిత్రుడు మాకే మసలా వినిపించాడు. మసలా నిజమే. కాని ఆ మినహాయింపు మాకు వర్తిస్తుందా? వారానికొకసారి తిప్పమని యజమాని చెప్పాడు. ఐదు వారాలు తిప్పలేదు. ఇది నిర్లక్ష్యం కాకపోతే మరేమిటి? షాఫయీ, హంబలీ పండితులైతే ఎరువు తెచ్చుకున్న వస్తువుకు మరింత గట్టిగా బాధ్యత విధించారు. హునైన్ సందర్భంలో దైవప్రవక్త (సఅసం) అప్పటికింకా ఇస్లాం స్వీకరించని సఫ్వాన్ బిన్ ఉమయ్య వద్ద కవచాలు ఎరువు తీసుకుని, వాటికి పూచీ వహించారు. తరువాత వాటిలో కొన్ని పోగా, ఆ నష్టం చెల్లిస్తామని తామే ముందుకు వచ్చారని, అప్పటికి సఫ్వాన్ హృదయం మారి ఉండడం వల్ల ఆయన తీసుకోలేదని ఉల్లేఖనాలు ఉన్నాయి.

టార్చి పట్టుకున్న పిల్లవాడు, "నేనే తప్పు చూపించానేమో హజ్రత్" అని రెండు రోజులు బిక్కుబిక్కుమంటూ తిరిగాడు. అతనికి పుస్తకంలోని సూత్రమే చెప్పాము. ఉస్మానియా కాలంలో సంకలనమైన మజల్లాలో ఈ నియమం స్పష్టంగా ఉంది: పనికి కారకుడైనవాడు, పనిని స్వయంగా చేసినవాడు ఇద్దరూ ఉన్నప్పుడు బాధ్యత చేసినవానిదే. కావాలని చేయకపోయినా నష్టం భర్తీ చేయవలసిందే. క్లాంపు దించిన చేయి మాది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. దానిని మేము ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాము. పానా పట్టుకున్న మౌల్వీకి కూడా అది వర్తిస్తుందని మాత్రం ఆ రాత్రికి ముందు ఎన్నడూ తోచలేదు.

శుక్రవారం అస్ర్ తరువాత ఫోను చేశాము. కువైట్ మన కన్నా రెండున్నర గంటలు వెనుక. అక్కడ జుమా ముగించుకుని భోజనం చేసి ఉంటాడు. ఐదు వారాలు తిప్పని సంగతి, బ్యాటరీ తారుమారు, కాలిన డయోడ్లు, ఖర్చులు అంకెలతో సహా అన్నీ చెప్పాము. మొత్తం ఎంతో తెలియకుండా క్షమిస్తే ఆ క్షమాపణలో తరువాత చిక్కులు వస్తాయి గనుక అంకెలు ముందే చెప్పవలసి వచ్చింది. అతను విని, "వదిలేయండి హజ్రత్" అన్నాడు. మేము వదలలేదు. కొంతసేపు వాదన జరిగింది. బ్యాటరీ నాలుగేళ్ళది గనుక దాని ఖర్చు తనదే అన్నాడు. అద్దె బండి తన తల్లి కోసం గనుక అదీ తనదే అన్నాడు. రెక్టిఫైయరు, ఫ్యూజులు కలిపి 2,960 మాత్రం మా లెక్కలో ఉంచుకుంటామని మేము పట్టుబట్టగా, "సరే, మీ మనసు నెమ్మదిస్తుందంటే అలాగే కానివ్వండి. కాని అమ్మీకి మాత్రం ఈ సంగతి చెప్పకండి, కారు అమ్మేయమంటుంది" అన్నాడు.

ఆమెకు ఆ ఉదయమే చెప్పేశామన్నాము.

అవతల ఒక క్షణం నిశ్శబ్దం. "మరి ఏమన్నారు?" అని అడిగాడు. ఆమె ఏమన్నారో అదే చెప్పాము: "మా ఆయన కూడా రేడియోలో సెల్లులు ఎప్పుడూ తిరగేసే పెట్టేవారు మౌల్వీ సాబ్. పలికేది కాదు. తీసి సరిగా పెడితే పలికేది. మీ బండి మరీ సున్నితమైనదిలా ఉంది."